తూర్పు వరుసల జాబితాకు కాపలా

సంఘ కమిటీకి నేను రాసిన ఉత్తరాలు నాలుగు. మొదటిది చేతికిచ్చాను. రెండోది పోస్టులో వేశాను. మూడోది రిజిస్టరు చేశాను. నాలుగోది ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చూస్తుండగా, కార్యదర్శి చేతిలో ఉన్న బైబిలు మీద పెట్టి వచ్చాను. ఒక్కదానికీ జవాబు లేదు. రిజిస్టరు ఉత్తరం అందినట్టు సంతకం పెట్టిన అట్టముక్క మాత్రం తిరిగి వచ్చింది. దాన్ని దాచాను. నేను అన్నీ దాస్తాను, నా గురించి మావాళ్ళు విసుక్కునేది కూడా అందుకే. ఇంతకాలం నా మాట ఎవరూ వినలేదు కాబట్టి ఈ పుస్తకంలో రాస్తున్నాను. ఇక్కడైతే నన్ను మధ్యలో ఆపి "సరేలెండి, ప్రార్థన చేసుకుందాం" అనేవాళ్ళు లేరు.

వాళ్ళ దృష్టిలో విషయం చాలా చిన్నది. ఒక ముసలాయన ఇంట్లో కంప్యూటరుకు వైరస్ వచ్చింది, ఏ యాంటీవైరస్ వేసుకోవాలో తేల్చుకోలేక ఊళ్ళు తిరిగాడు, అంతే. ఊళ్ళు తిరిగిన మాట నిజమే. ఎందుకు తిరిగానో చెబుతాను.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో గుమాస్తాగా చేశాను. మాస్టారిని కాదు. రేపల్లెలో సగం మంది నన్ను మాస్టారూ అంటారు, ప్రతిసారీ సరిదిద్దుతాను, మర్నాడు మళ్ళీ అలాగే అంటారు. తెలుగు టైపు లోయరూ హయ్యరూ పాసై ఉద్యోగంలో చేరినవాణ్ణి. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, పాత టైపు మిషను మీద ఏ అక్షరం ఎక్కడ ఉండేదో అక్కడే ఉండే తెలుగు ఫాంటు ఒకటి అందరి దగ్గరా ఉండేది. నా వేళ్ళకు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేకపోయింది. రిటైరయ్యాక ఇంట్లోకి కంప్యూటరు కొన్నప్పుడు ముందుగా వేయించుకున్నది ఆ ఫాంటునే. రేపల్లెకు నాలుగు కిలోమీటర్లలో ఉన్న మా ఊళ్ళో, సొంత కంప్యూటరు మీద తెలుగు టైపు చేయగలిగిన మనిషిని అప్పటికి నేనొక్కణ్ణే.

మా సంఘానికి ఊరి చివర, మురుగుకాలవ అవతల, సమాధుల తోట ఉంది. పడమటి వైపు రాళ్ళున్న సమాధులు. అవి టీచర్లవి, కాంపౌండర్లవి, పాస్టర్లవి. తూర్పు వైపు మట్టి దిబ్బలు. అవి కూలికి వెళ్ళి బతికినవాళ్ళవి. చెక్క సిలువ పెడితే రెండు వానాకాలాలకు పుచ్చిపోతుంది. ఆ దిబ్బల్లో ఏది ఎవరిదో చెప్పేది ఒక్కటే, మా పాత భూస్థాపన రిజిస్టరు. ఎన్నో వరుస, వరుసలో ఎన్నో సమాధి, పేరు, ఇంటిపేరు, సంవత్సరం, అన్నీ అందులో ఉండేవి. ఒక తుఫానుకు చర్చి గదిలో బీరువాలోకి నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత చెదలు పట్టాయి. ఉన్నంతవరకైనా ఎక్కించి పెడతాను, ఇవ్వండి అని కమిటీని అడిగితే, సరే అనడానికి ఎనిమిది నెలలు తీసుకున్నారు. ఆ ఎనిమిది నెలల్లో చెదలు ఊరుకోలేదు. చివరికి ఇచ్చారు. నాలుగేళ్ళు కూర్చుని టైపు చేశాను. నేను చదివి ఎక్కించిన పేజీల్లో కొన్ని ఇవాళ్టికి పొడై రాలిపోయాయి. అంటే కొన్ని పేర్లు లోకం మొత్తం మీద నా కంప్యూటర్లో తప్ప ఎక్కడా లేవు.

సమాధుల పండుగ దగ్గరికొస్తే రాళ్ళున్నవాళ్ళు తిన్నగా తోటకు వెళ్ళి గడ్డి పీకుతారు, సున్నం వేస్తారు, చామంతి దండలు పెడతారు. రాళ్ళు లేనివాళ్ళు ముందు మా వరండాకు వస్తారు. "మా నాన్న ఎక్కడున్నాడో చూడండి" అంటారు. నేను చూసి, కాగితం ముక్క మీద వరుసా నెంబరూ రాసిస్తాను. అది నాకు ఇష్టమైన పని. ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

కార్యదర్శి ఎరువుల కొట్టు ఆయన, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. సంఘం జూబిలీ సంచికలో జాబితా వేస్తామని నా దగ్గర పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నాడు. చర్చి ఆఫీసు కంప్యూటరు దగ్గర అది పదకొండు రోజులు ఉంది. సంచిక వచ్చింది. అందులో కమిటీ సభ్యుల ఫొటోలు ఉన్నాయి, ఎరువుల కొట్టు ప్రకటన ఉంది, జాబితా లేదు. అడిగితే పేజీలు సరిపోలేదన్నాడు. పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చాడు. ఇంటికొచ్చి కంప్యూటరుకు పెట్టాను.

రెండో రోజుకు నా ఫోల్డర్లన్నిటికీ మూల చిన్న బాణం గుర్తు వచ్చింది. నొక్కితే ఏమీ తెరుచుకోదు. నల్ల కిటికీ ఒకటి ఇలా మెరిసి అలా పోతుంది.

మొదట రేపల్లెలో పెళ్ళికార్డులు టైపు చేసే డీటీపీ సెంటరు అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటిన మనిషి. ఫాంటు నాకు ఇచ్చింది కూడా ఆమే. లక్షణాలు చెప్పగానే నవ్వింది. అది పెన్‌డ్రైవుల వెంట తిరిగే వైరసేనట. ఫైళ్ళు ఎక్కడికీ పోవట, వాటిని దాచిపెట్టి వాటి చోట ఉత్త గుర్తులు పెడుతుందట. పెళ్ళిళ్ళ సీజనులో వారానికి రెండు మూడు చూస్తుందట.

"మరి నువ్వే యాంటీవైరస్ వాడతావమ్మా?"

"నేనేదీ వెయ్యనండి మాస్టారూ. వేస్తే నా తెలుగు పోద్ది."

నేను మాస్టారిని కానని చెప్పాను. వేస్తే తెలుగు పోవడమేంటని అడుగుదామనుకున్నాను గానీ, కాపలా పెట్టుకోని మనిషి కాపలా గురించి చెబితే వినడమేంటనిపించింది. అప్పుడే అడిగి ఉండాల్సింది. అది నా తప్పు. ఈ మొత్తం వ్యవహారంలో నా తప్పులు రెండు, ఇది మొదటిది.

బాపట్లలో మా అల్లుడు ఒక కాలేజీలో కంప్యూటరు ల్యాబు చూసుకుంటాడు. ఆయన్ని అడగొచ్చుగా అని మా ఆవిడ అంది. నిశ్చితార్థం రోజు నేను మాట్లాడుతుంటే ఆయన ఫోను చూసుకున్నాడు. తొమ్మిదేళ్ళయింది. అడగనన్నాను. కంప్యూటరు డబ్బాను పాత దుప్పటిలో చుట్టి, రేపల్లె ప్యాసింజరులో ఒళ్ళో పెట్టుకుని తెనాలి వెళ్ళాను. ఎదురు సీట్లో పెద్దమనిషి, గ్రైండరా అండి అని అడిగాడు.

తెనాలి షాపాయన గల్లా బల్ల మీద మూడు అట్టపెట్టెలు వరసగా పేర్చాడు. ఒకటి చిన్నది, ఒకటి మధ్యది, ఒకటి పెద్దది. వాటి మీద డాళ్ళ బొమ్మలు, తాళాల బొమ్మలు. ఏది మంచిదని అడిగితే మూడూ మంచివేనన్నాడు. మూడూ మంచివైతే మూడు ఎందుకున్నాయని అడిగాను. దానికి ఆయనే ఇంకో ప్రశ్న వేశాడు.

"ఇందులో ఏం పెట్టుకుంటారు బాబాయ్‌గారూ? బ్యాంకు పనా, సినిమాలా?"

"సమాధుల జాబితా."

"అయితే చిన్నది చాలండి. వాళ్ళ దగ్గర దొంగతనానికి ఎవరొస్తారు?"

షాపులో ఉన్న ఇద్దరు నవ్వారు. నేను పెద్దది తీసుకున్నాను. ఆలోచించి తీసుకోలేదు, ఆ నవ్వుకి తీసుకున్నాను. షాపాయన కంప్యూటరంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచీ అన్నీ వేస్తానన్నాడు. జాబితా ఉన్న భాగాన్ని ముట్టుకోవద్దని కాగితం మీద రాసి సంతకం పెట్టించుకున్నాను. ఆయన మాట తప్పలేదు, ఆ సంగతి కూడా రాయాలి. సాయంత్రం బండికి డబ్బాతో ఇంటికొచ్చాను. మా ఆవిడ ఆ అట్టపెట్టె విప్పి చూస్తే లోపల నెంబరున్న ఒక కాగితం తప్ప ఏమీ లేదు. పెట్టెను తలకిందులు చేసి దులిపి కూడా చూసింది.

కొత్త కాపలా బాగానే పనిచేస్తున్నట్టు కనబడింది. గంటకోసారి మూల నుంచి తల బయటపెట్టి, మీకేం భయం లేదని ఇంగ్లీషులో చెప్పేది. జాబితా ఫైలు ఉంది. తెరిచాను. అందులో తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు, మీద టోపీ పెట్టుకున్న అక్షరాలు, అన్నీ కలిపి ఎవరో దోసిలితో చల్లినట్టు పేజీల నిండా ఉన్నాయి. తుడిచినప్పుడు ఫాంటు పోయింది కాబట్టి అలా కనబడుతోందని నాకు అర్థమైంది. పాత సీడీ తీసి ఫాంటు మళ్ళీ వేయబోయాను. కాపలాదారు ఎర్ర కిటికీ తెరిచి, ప్రమాదకరమైనది దొరికింది, తీసేశాను అంది. మళ్ళీ వేశాను. మళ్ళీ తీసేసింది. మూడోసారీ అంతే.

పెట్టె మీద నెంబరుకు ఫోను చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి పలికింది. నేను వాడే ఫాంటు కొన్నది కాదని, తాళం పగలగొట్టిన కాపీ అని, అలాంటి వాటిని వాళ్ళ కాపలా దొంగసొత్తుగా చూస్తుందని, చాలా మర్యాదగా చెప్పింది. డీటీపీ అమ్మాయి తెలుగు పోద్దని అన్నది దీని గురించే. ఊళ్ళో ప్రతివాడి తప్పూ తేదీతో సహా రాసిపెట్టుకునే నేను పదిహేనేళ్ళుగా దొంగ ఫాంటుతో ఆ తప్పులు టైపు చేశాను. ఒక మాట మాత్రం చెప్పుకోనివ్వండి. ఒరిజినల్ ఒక్కటి కావాలి, ఎలా కొనాలి అని ఫాంటు తయారుచేసినవాళ్ళకు అప్పట్లోనే ఉత్తరం రాశాను. వాళ్ళూ జవాబివ్వలేదు. కాపలా చేసింది కూడా తప్పని ఇవాళ అనను. కానీ ఇంటి యజమాని ఎదురుగా కూర్చుని ఉండగా, ఇది తీసేయమంటారా అని ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు.

మరి కాపలా ఆపేసి ఫాంటు వేసుకోవచ్చుగా అంటారు. చర్చి పెన్‌డ్రైవ్ చేసిన పని చూసినవాణ్ణి, ఆపడానికి నాకు ధైర్యం చాలలేదు. ఫాంటున్న డీటీపీ సెంటరుకు పట్టుకెళ్దామంటే అక్కడ కాపలాయే లేదు. కాపలా ఉంటే పేర్లు చదవలేను, తీసేస్తే పేర్లు ఉంటాయో ఉండవో తెలియదు. అలా వారం గడిచింది. అంతలో పండుగ వచ్చింది.

పండుగ ముందు రోజు పొద్దున అడవులదీవి నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటుంది. చేతిలో సున్నం బకెట్టు, అందులో ఈతాకు కుంచె. పుట్టిల్లు మా ఊరేనట. తల్లిని తూర్పు వైపే పెట్టారట. ఇన్నాళ్ళూ తమ్ముడు వచ్చి సున్నం వేసి వెళ్ళేవాడట, ఆ తమ్ముడు మొన్న వేసవిలో పోయాడట. ఇదంతా మెట్టు మీద కూర్చుని మా ఆవిడతో చెప్పి, నా వైపు తిరిగింది.

"అన్నయ్యా, మా అమ్మ మీ కంప్యూటర్లో ఉందంట. ఎక్కడుందో చూడు."

రిజిస్టరులో మిగిలిన పేజీల్లో వాళ్ళమ్మ పేరు లేదు. నాకు వేరే దారి తోచలేదు. తెరిచి చూపించాను. ఆమె లేచి వచ్చి నా కుర్చీ వెనక నిలబడి, ఆ చుక్కల్నీ టోపీల్నీ చాలాసేపు శ్రద్ధగా చూసింది.

"నాకు చదువు రాదు. నువ్వే చదువు."

"చదవడానికి రావట్లేదమ్మా."

"నీకూ రాదా?"

ఎగతాళి కాదు. ఆమెకు నిజంగానే ఆశ్చర్యమైంది. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో హెడ్మాస్టర్లు అన్న మాటలు, ఆడిట్‌వాళ్ళు అన్న మాటలు నాకు వరసగా గుర్తున్నాయి. అవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. తాటిచెట్టు నుంచి ఇన్ని అడుగులని తమ్ముడు ఎప్పుడో చెప్పాడట, ఆ గుర్తుతో చూసుకుంటానని ఆమె బకెట్టు పట్టుకుని వెళ్ళింది. ఆ తాటిచెట్టు కొట్టేసి మూడేళ్ళయింది. నేను వెనకే వెళ్ళాను. చెట్టు మొదలు ఎక్కడుండేదో ఇద్దరం తలో చోట చూపించుకున్నాం. చివరికి ఆమె తనకు తోచిన దిబ్బ ఒకటి ఎంచుకుని, గడ్డి పీకి, దాని చుట్టూ సున్నం గీసి, కొవ్వొత్తి పెట్టి, బస్సు వేళకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం సంఘ సమావేశం. తోటలో ఇక చోటు లేదు కాబట్టి తూర్పు వైపు చదును చేయించి, మధ్యలో సిమెంటు దారి వేసి, కొత్త సమాధులకు వాడుకోవాలని కార్యదర్శి ప్రతిపాదించాడు. నేను లేచాను. ఆ దిబ్బల కింద మనుషులున్నారు, జాబితా ఉంది అన్నాను. ఆధారం ఉన్నవాళ్ళు వరుసా నెంబరూ చూపిస్తే వాళ్ళ జోలికి వెళ్ళం అన్నాడు. చూపించడానికి జాబితా ఇప్పుడు చదవలేని స్థితిలో ఉంది, దానికి కారణం మీ ఆఫీసు కంప్యూటరే అన్నాను. అప్పుడు ఆయన నవ్వాడు.

"అన్నగారూ, మీ పెన్‌డ్రైవ్ పెట్టాకే మా కంప్యూటరు చెడిపోయింది. పాటలన్నీ పోయాయి. పెద్దవారని ఇన్నాళ్ళూ అనలేదు."

యాభై మంది ముందు. గాయక బృందంలో వెనక వరసలో ఎవరో "యాంటీవైరస్ తాతయ్య" అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. పాస్టరుగారు ప్రార్థన చేసుకుందామన్నారు.

మర్నాడు డబ్బాను మళ్ళీ దుప్పటిలో చుట్టి, రిజిస్టరులో మిగిలిన పేజీలూ ఆ పెన్‌డ్రైవూ సంచిలో పెట్టుకుని, చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. తొమ్మిదేళ్ళ పట్టుదల వదులుకుని ఆ గడప తొక్కాను. మా అమ్మాయి ఆదివారందాకా ఉండు నాన్నా, సూర్యలంక వెళ్దాం అంది. సముద్రం చూడటానికి రాలేదన్నాను. అల్లుడు డబ్బా విప్పుతూ నేను చెప్పిందంతా విన్నాడు. ఈసారి ఫోను బల్ల మీద బోర్లా పెట్టి విన్నాడు. గమనించాను.

అంతా విని, ఒక ప్రశ్న అడిగాడు.

"మావయ్యగారూ, ఏది మంచి యాంటీవైరస్ అన్నది తర్వాత చూద్దాం. అసలు మీరు భయపడేది దేనికి?"

రేపల్లెలో గానీ తెనాలిలో గానీ ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. జాబితా పోతుందని అన్నాను.

"అంత ముఖ్యమైంది ఒక్కచోటే ఎందుకుందండి?"

నాకు ఒళ్ళు మండింది. కమిటీ నిర్లక్ష్యం గురించి మొదలుపెట్టాను. ఆయన వింటూనే ఉన్నాడు, అడ్డు రాలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నేనే ఆగాను. ఎందుకంటే పాస్టరుగారు రెండుసార్లు కాపీ అడిగారు, నేనే ఇవ్వలేదు. ఎవరికి కావాలన్నా నా వరండాకు రావాలని ఇవ్వలేదు. ఇది నా రెండో తప్పు. ఆ మాట అల్లుడి ముందు ఒప్పుకోలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆయన చదివితే చదువుతాడు.

కాలేజీ వాళ్ళ అనుమతితో ల్యాబులో మూల పడి ఉన్న ఒక పాత కంప్యూటరు తీశాడు. దానికి ఇంటర్నెట్ లేదు, మా ఫాంటు ఉంది. జాబితా కాపీని అందులో తెరిచాడు. తెలుగు వచ్చింది. మొదటి పేజీలో మొదటి వరుస, మొదటి పేరు. నేను అద్దాలు తుడుచుకున్నాను, అవి నిజంగానే మసకబారాయి. దాన్ని ఫోన్లలో అందరూ చదువుకునే తెలుగులోకి మార్చాడు. మార్చినప్పుడు తప్పులు దొర్లుతాయి కాబట్టి ఒక్కొక్క పేరూ సరిచూడాలన్నాడు. మూడు వారాలు బాపట్లలోనే ఉండిపోయాను. మా అమ్మాయి పైకి చదివేది, నేను రిజిస్టరులో మిగిలిన పేజీలతో పోల్చేవాణ్ణి. పేజీలు రాలిపోయిన చోట నా జ్ఞాపకం తప్ప సాక్ష్యం లేదు. అలాంటి పేర్లకు పక్కన చుక్క పెట్టాను. ఉన్నంతలో నిజాయితీ అది.

కాపలా సంగతి అప్పుడు తేల్చాం. నేను మూడు పెట్టెల బొమ్మలు గీసి, ఏది ఏది చేస్తుందో తెనాలి షాపాయన చెప్పిందంతా రాసి ఆయన ముందు పెట్టాను. కంప్యూటరుతో పాటే వచ్చే రక్షణ మీ పనికి చాలు, ఎప్పటికప్పుడు వచ్చే మార్పుల్ని, అంటే అప్‌డేట్లని, వాయిదా వేయకుండా వేసుకుంటే చాలు అన్నాడు. ఒకే ఇంటికి ఇద్దరు కాపలాదార్లను పెడితే ఒకరినొకరు పట్టుకుంటూ కూర్చుంటారట. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకోకుండా ఆపాడు. రోజూ వాడుకోవడానికి వేరే ఖాతా ఒకటి తెరిచాడు, అందులో కూర్చుంటే నా కంప్యూటర్లో నేను కూడా ఏదీ కొత్తగా వేయలేను. ఇది నాకు మొదట అవమానంగా తోచింది. జాబితా రెండు డిస్కుల్లో పెట్టాడు, ఒకటి వాళ్ళింట్లో, ఒకటి మా ఇంట్లో. కాపీ చేశాక తీగ పీకి బీరువాలో పెట్టాలి. పెద్ద పెట్టె కాపలాను నేనే నా చేత్తో తీసేశాను. పోయేముందు, నిజంగానే తీసేస్తారా అని అది నన్ను రెండుసార్లు అడిగింది. నన్ను ఫాంటు గురించి ఒక్కసారీ అడగనిది, తన గురించైతే రెండుసార్లు అడిగింది.

ఇంకోటి కూడా చూపించాడు. చర్చి నుంచి తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆ వైరస్ ఫైలు పుట్టిన రోజు గురువారమని ఉంది. పెన్‌డ్రైవ్ చర్చి ఆఫీసులో ఉన్న పదకొండు రోజుల్లో ఆ గురువారం ఒకటి. తేదీ ఒక్కటే రుజువు కాదు, తేదీలు తప్పు కూడా చూపించొచ్చు అని ఆయనే హెచ్చరించాడు. ఆ హెచ్చరికతో సహా నా మొదటి ఉత్తరంలో రాశాను. చర్చి కంప్యూటరును తెలిసినవాళ్ళ చేత చూపించి, ఎవరిది ఎవరికి అంటుకుందో తేల్చమన్నాను. నాదే తప్పని తేలితే అందరి ముందూ క్షమాపణ అడుగుతానని కూడా రాశాను. అడుగుతాను. అడగడానికైనా వాళ్ళు చూడాలి కదా.

ఊరికొచ్చాక పాస్టరుగారు పెన్‌డ్రైవ్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు, ప్రసంగం ప్రింటు తీసివ్వమని. మంచి మనిషి. కుర్చీ వేశాను, టీ ఇచ్చాం.

"అయ్యగారూ, ఏమీ అనుకోకండి. దీన్ని నా కంప్యూటరుకు పెట్టను."

"దేవుని వాక్యమండీ అందులో ఉంది."

"వాక్యం మీద నాకు అనుమానం లేదండి. పెన్‌డ్రైవ్ మీదే."

ఫోనులో పంపితే ప్రింటు తీసిస్తానన్నాను. ఆయనకు పంపడం తెలియదు. పక్కన కూర్చుని నేర్పించాను, ప్రింటు తీసిచ్చాను, జాబితా కాపీ కూడా అప్పుడే చేతికిచ్చాను. ఆయన నవ్వుకుంటూ వెళ్ళారు. కానీ ఆ కథ ఊళ్ళో ఎలా మారిందంటే, నేను పాస్టరుగారిని గడపలో నిలబెట్టి వాక్యాన్ని తిప్పి పంపానట. చెప్పుకోనివ్వండి. నా కంప్యూటరులోకి ఎవరి పెన్‌డ్రైవూ రాదు. కార్యదర్శిది రాదు, అల్లుడిది రాదు, బయట వాడితే నాదైనా రాదు.

జాబితా ప్రకారం అడవులదీవి ఆమె తల్లి నాలుగో వరుసలో పదకొండో సమాధి. ఆమె సున్నం వేసింది ఆరో వరుసలో దిబ్బకు. అక్కడున్నది ఎవరో రిజిస్టరుకే తెలియదు. "కాలవలో దొరికిన మనిషి, పేరు తెలియదు" అని ఉంది. అడవులదీవిలో ఆమె పక్కింటివాళ్ళ ఫోనుకు కబురు పెట్టి ఆమెను పిలిపించాను. తోటకు తీసుకెళ్ళి రెండూ చూపించి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె నాలుగో వరుస దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది. లేచాక ఆరో వరుస వైపు చూసింది.

"పోనీలే అన్నయ్యా. ఆయనకు మాత్రం ఎవరున్నారు? ఇకమీదట ఇద్దరికీ వేస్తాలే."

ఆమె పోనీలే అనగలదు. నాకు ఆ మాట చేతకాదు. ఇంటికొచ్చి, తూర్పు వైపు మొత్తం జాబితా ప్రింటు తీసి, కుట్టించి, రెండో ఉత్తరంతో కమిటీకి పంపాను. చుక్కలు పెట్టిన పేర్లు ఏవో, ఎందుకో కూడా రాశాను. మూడో ఉత్తరంలో ఆమె తల్లి సంగతీ, కాలవలో దొరికిన మనిషి సంగతీ రాశాను. ఆయనకు ఆధారం చూపించడానికి చుట్టాలెవరూ రారు కాబట్టి నన్ను ఆయన తరఫు మనిషిగా రాసుకోమన్నాను. నాలుగో ఉత్తరంలో కొత్తగా ఏమీ లేదు. మొదటి మూడింటికీ జవాబు అడిగాను.

మొన్న తోట గేటు దగ్గర ఇసుక దించారు. నిన్న ముగ్గు పిండితో గీత గీశారు. గీత తూర్పు వైపు మూడో వరుస దాటింది. మేస్త్రీని అడిగితే తనకు జాబితా ఏదీ ఇవ్వలేదన్నాడు.

కార్యదర్శిగారూ, మీ ఆఫీసు కంప్యూటరుకు కాపలా పెట్టుకుంటారో లేదో మీ ఇష్టం. నాది తప్పో మీది తప్పో తేల్చడం కూడా తర్వాత చూసుకుందాం, నేను ఎక్కడికీ పోను. ముందు దీనికి చెప్పండి. నాలుగో వరుసలో పదకొండో సమాధి మీదా, ఆరో వరుసలో పేరు లేని మనిషి మీదా మీరు పలుగు వేయిస్తారా, వేయించరా? అవునో కాదో కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి, పని మొదలయ్యేలోగా మా ఇంటికి పంపండి.